ఇసుక మీద సబఖ్, ఫోను మీద సబఖ్

మగ్రిబ్ నమాజు అయ్యాక మా మొహల్లాలో ఏ ఇంటికి పోయినా పిల్లల చేతుల్లో ఫోను కనిపిస్తుంది. "ఏందిరా అది?" అంటే "హోంవర్క్ అబ్బా" అని జవాబు. అబద్ధమేం కాదు. ఒకడు లెక్కల పుస్తకంలో పేజీని ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. కింద "సాత్వా సవాల్ కిస్‌కో ఆతా రే?" అని రాస్తాడు. ఇంకొకడు చేసి పంపుతాడు. ఆ పంపినోడికి ఇంగ్లీషు వ్యాసం రాదు, దాన్ని ఒక అమ్మాయి చెప్తుంది. ఆ అమ్మాయి ఉర్దూ మీడియం నుంచి వచ్చింది, తెలుగు సంధులంటే భయం. నాలుగోవాడు వాయిస్ మెసేజ్‌లో సవర్ణదీర్ఘ సంధిని విడగొట్టి చెప్తాడు. ఇషా అజాన్ అయ్యేసరికి అందరి నోటుబుక్కులూ నిండి ఉంటాయి.

దీని మీద పెద్దోళ్లు రెండు జమాత్‌లుగా చీలిపోయారు. కొందరు "పిల్లలు నఖల్ కొట్టడం నేర్చుకుంటున్నారు, ఫోన్లు గుంజుకోండి" అంటారు. ఇంకొందరు "పోనీలే, ట్యూషన్ ఫీజు మిగిలింది" అంటారు. ఇద్దరూ ఒక మాట మాత్రం ఒప్పుకుంటారు, ఇదంతా ఫోనుతో వచ్చిన కొత్త జమానా పని అని. అక్కడే నాకు ఎతరాజ్. పిల్లలు పిల్లలకు చదువు చెప్పడం మన రాయలసీమ మట్టిలో రెండు వందల ఏళ్ల కిందే కాగితం మీదికెక్కిన తరీఖా. అది ఇక్కడి నుంచి లండన్ దాకా పోయింది, అక్కడ పెద్ద పేరు తెచ్చుకుంది, అక్కడే చెడిపోయింది కూడా. ఎందుకు బాగుపడింది, ఎందుకు చెడిపోయింది అన్నది తెలిస్తే మన ఇళ్లల్లో జరుగుతున్న ఈ తక్రార్‌కు ఒక ఫైసలా దొరుకుతుంది.

1800లో హైదరాబాద్ నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలు అన్న పేరు అట్లా వచ్చిందే. వాటికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాక 1822 జూన్ 25న ఒక హుకుం వేశాడు. ప్రతి జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, వాళ్లు ఏ జాతి, ఏ మతం, ఏ కితాబులు చదువుతున్నారు, లెక్కదీసి పంపమన్నాడు. అప్పుడు కర్నూలు పట్నం ఇంకా నవాబు కిందే ఉంది, కంపెనీ దాన్ని 1839లో గానీ లాక్కోలేదు. కాబట్టి ఆ లెక్కల్లో కర్నూలు లేదు. కానీ ఈనాటి కర్నూలు వాళ్లకు బాగా తెలిసిన ఆదోని, పత్తికొండ ఆ రోజుల్లో బళ్లారి జిల్లాలో ఉండేవి. బళ్లారి కలెక్టర్ రాసిందంటే మన తాతముత్తాతల గురించి రాసినట్టే.

ఆ కలెక్టర్ పేరు ఎ.డి. క్యాంప్‌బెల్. తెలుగు బాగా నేర్చినవాడు, 1816లో తెలుగు వ్యాకరణం కూడా అచ్చేశాడు. 1823 ఆగస్టు 17న అతను పంపిన రిపోర్టు మొత్తం మద్రాసు రాజధానిలోనే అన్నిటికంటే వివరంగా ఉన్న రిపోర్టుల్లో ఒకటి. అందులో హిసాబ్ ఇదీ. జిల్లాలో మొత్తం 533 బడులు. కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, ఫార్సీ 21, అరవం 4, ఇంగ్లీషు 1. మిగిలిన 23 బ్రాహ్మణులు మాత్రమే చదువుకునే చోట్లు. ఒక్క జిల్లాలో ఇన్ని జబాన్లు! మన పిల్లల వాట్సాప్ గ్రూపులో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలగాపులగం చూసి నవ్వుకుంటాం గానీ, ఈ నేల ఎప్పుడూ ఒక్క భాషలో చదువుకోలేదు.

బడి ఎట్లా నడిచేదో కూడా అతను రాశాడు. తెల్లవారి ఆరింటికి బడి మొదలు. ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా ఆలస్యమయ్యే కొద్దీ వడ్డింపు పెరుగుతుంది. చిన్నపిల్లలు నేల మీద ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దుతారు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. పిల్లల్ని నాలుగు తరగతులుగా చేసి, పైతరగతుల్ని అయ్యవారు చూసుకుంటాడు, కింది తరగతులకు చాలావరకు బాగా చదివే పెద్దపిల్లలే చెప్తారు. అయ్యవారి కన్ను మాత్రం అందరి మీదా ఉంటుంది.

క్యాంప్‌బెల్‌కు ఇది తెగ నచ్చింది. నచ్చడానికి అతను చెప్పిన కారణం గమనించండి. వచ్చినోడు రానోడికి చెప్తే రానోడికి వస్తుంది, అది అందరూ అనే మాటే. దాంతోపాటు చెప్పినోడి చదువు కూడా పక్కా అవుతుంది అన్నాడు. అంటే ఫాయిదా రెండు వైపులా. ఇంగ్లండులో దీన్ని నఖల్ చేశారంటే తగినపనే చేశారు అని కూడా రాశాడు.

ఇంగ్లండుకు ఎట్లా పోయింది? దారి మద్రాసు ఎగ్మూరు మీదుగా ఉంది. ఆండ్రూ బెల్ అని ఒక స్కాట్లండు పాద్రీ 1787లో మద్రాసు వచ్చాడు. 1789 నుంచి ఎగ్మూరులో సోల్జర్ల యతీమ్ పిల్లల కోసం పెట్టిన బడి బాధ్యత అతనిది. ఉన్న మాస్టర్లు పిల్లలకు అక్షరాలు నేర్పలేక చేతులెత్తేస్తున్నారు. ఒకరోజు అతను దారిన పోతూ ఒక దేశీ బడి ముందు పిల్లలు ఇసుకలో వేలితో రాసుకోవడం చూశాడు. మన బడిలోనూ ఇట్లా చేద్దాం అంటే మాస్టర్లు కాదన్నారు. అప్పుడు బెల్ జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడికి అక్షరాల తరగతిని అప్పజెప్పాడు. మాస్టర్లు చేయలేనిది ఆ పసివాడు చేసి చూపించాడు. మెల్లగా బడి అంతా అదే పద్ధతికి మారింది. ఇంకా రానివాడికి పక్కన వచ్చినవాడిని కూర్చోబెట్టి జోడీ కట్టారు. 1797లో బెల్ లండన్‌లో ఈ తజుర్బా మీద ఒక పుస్తకం వేశాడు. దీనికి అక్కడ "మద్రాస్ సిస్టమ్" అనే పేరు స్థిరపడింది. ఇవాళ్టికీ స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో అతని డబ్బుతో పుట్టిన ఒక బడి ఉంది, దాని పేరు మద్రాస్ కాలేజ్. మన అరుగు బడుల ఇసుక అంత దూరం పోయింది.

ఇక చెడిపోయిన కథ. అదే కాలంలో లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే అతను ఇట్లాంటి పద్ధతే నడిపాడు. గరీబు పిల్లలు వందల్లో ఉన్నారు, మాస్టర్లకు జీతాలివ్వడానికి పైసల్లేవు. ఒక్క మాస్టరు ఉంటే చాలు, పిల్లలతోనే వెయ్యి మందికి చదువు చెప్పించొచ్చు అన్నాడు. చందాలిచ్చే పెద్దలకు ఈ మాట తీపిగా వినిపించింది. పెద్ద పెద్ద హాళ్లు కట్టారు. ఆ హాళ్లల్లో మానిటర్ పిల్లాడు తనకు అప్పజెప్పిన మాటల్ని గంటకొట్టినట్టు అప్పజెప్తాడు, కింది పిల్లలు తిరిగి అప్పజెప్తారు. అర్థం ఎవరికీ అక్కర్లేదు. సవాల్ అడిగే జాగా లేదు. కొన్ని దశాబ్దాలకే అక్కడి వాళ్లే ఇది పనికిరాదని తేల్చి, 1846లో పెద్ద పిల్లలకు ఉస్తాదు దగ్గర ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చే వేరే పద్ధతికి మారారు.

అంటే పిల్లలు పిల్లలకు చెప్పడం ఉస్తాదు కనుసన్నల్లో నడిచినప్పుడు బర్కత్ ఇచ్చింది. ఉస్తాదు జీతం మిగిల్చుకోవడానికి వాడినప్పుడు బేకార్ అయింది. "ట్యూషన్ ఫీజు మిగిలింది" అనుకునేవాళ్లు ఈ మాట ఒకసారి గుర్తుపెట్టుకోవాలి.

మరి "నఖల్" అనేవాళ్ల సంగతి? క్యాంప్‌బెల్ రిపోర్టులో వాళ్లకూ జవాబుంది. అతను మన బడుల్ని మెచ్చుకుని ఊరుకోలేదు, గట్టిగా తప్పు కూడా పట్టాడు. పిల్లలు పాత కావ్యాల పద్యాలు తడుముకోకుండా అప్పజెప్తారు గానీ, వాడుకలో లేని ఆ భాషకు అర్థం వాళ్లకు తెలియదు, చెప్పించే అయ్యవార్లలో కూడా చాలామందికి తెలియదు అన్నాడు. చిలకపలుకులన్న మాట. జవాబు చేతిలో ఉంది, అర్థం బుర్రలో లేదు. ఫోటో వచ్చింది, నోటుబుక్కులో ఎక్కింది, టీచరు టిక్ పెట్టింది, పిల్లాడికి మాత్రం ఏమీ రాలేదు. రెండు వందల ఏళ్ల తేడా ఉన్నా బీమారీ ఒక్కటే. ఫోను ఆ బీమారీని పుట్టించలేదు, దాన్ని వేగంగా పాకించింది, అంతే.

ఇది హిందువుల బడుల కథ, మనదేం ఉంది అని ఎవరికైనా అనిపించొచ్చు. మన తవారీఖ్‌లో ఇది ఇంకా పాతది. సీరత్ కితాబుల్లో చదివే ఉంటారు. హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ జంగ్ అయ్యాక, ఫిద్యా కట్టే స్తోమత లేని ఖైదీల్లో రాయడం వచ్చినవాళ్లు తలా పదిమంది మదీనా పిల్లలకు రాయడం నేర్పితే వదిలేశారు. తెలిసినోడు తెలియనోడికి చెప్పాలి, చెప్పేవాడు ఎవరైనా సరే అన్న ఉసూల్ అక్కడే ఉంది. తర్వాత బగ్దాదులో 1067లో తెరిచిన నిజామియా లాంటి మద్రసాల్లో "ముయీద్" అని ఒక హోదా ఉండేది. ముయీద్ అంటే మళ్లీ చెప్పేవాడు. ఉస్తాదు సబఖ్ చెప్పి వెళ్లాక, అర్థం కానివాళ్లకు దాన్ని మళ్లీ విప్పి చెప్పే పెద్ద షాగిర్ద్ అతను. మన మక్తబుల్లో హజ్రత్ లేని వేళ చిన్నపిల్లలకు అలిఫ్ బే చెప్పే పెద్ద పిల్లాడిని "ఖలీఫా" అనేవారు. దర్సె నిజామీ నడిచే మద్రసాల్లో రాత్రిపూట తాలిబె ఇల్మ్‌లు గుంపులుగా కూర్చుని ఒకరు సబఖ్ చెప్తుంటే మిగతావాళ్లు సవాళ్లు అడిగే రివాజును "తక్రార్" అంటారు. మన ఇళ్లల్లో తక్రార్ అంటే తగాదా. మద్రసాలో తక్రార్ అంటే మళ్లీ మళ్లీ చెప్పుకోవడం. రెండో అర్థాన్ని మన పిల్లల ఫోన్లలోకి తెచ్చుకుంటే మొదటి అర్థం తక్రార్ మన ఇళ్లల్లో ఉండదు.

ఇప్పుడు ఆ రిపోర్టులో నన్ను నిద్రపోనివ్వని అంకెలు చెప్తాను. బళ్లారి జిల్లా బడుల్లో చదివేవాళ్లు మొత్తం 6,641 మంది. అందులో ముసల్మాన్ పిల్లలు 243. వందకు నలుగురు కూడా లేరు. ఆడపిల్లలు మొత్తం 60 మంది, అందరూ హిందువులే. ముసల్మాన్ ఆడపిల్ల ఒక్కతె కూడా లేదు. సున్నా.

ఈ సున్నాను మరీ తొందరపడి అర్థం చేసుకోకూడదు. మన నానీలు, దాదీలు ఇంట్లోనే ఖురాన్ చదవడం నేర్పేవారు, ఆ చదువు బడి లెక్కలో పడదు. మన్రో కూడా ఇళ్లల్లో చదువుకునేవాళ్లను లెక్కలోకి తీసుకోవాలన్నాడు. మద్రాసు నగరంలోనే 26,903 మంది ఇళ్లల్లో చదువుకుంటున్నారని అతని 1826 మినిట్‌లో ఉంది. కానీ హిసాబ్, దస్తావేజు, ఉత్తరం రాయడం, కచేరీ భాష, ఇవన్నీ బడిలో ఉన్నాయి. ఆ బడిలో మన ఆడపిల్ల లేదు. అదీ హకీకత్.

ప్రతి కలెక్టరేటులో రెండు పెద్ద బడులు పెడదాం, ఒకటి హిందువులకు, ఒకటి ముసల్మానులకు అని మన్రో 1826లో రాశాడు. మరుసటి ఏడు 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మనకోసం బడి ఎవరో కట్టాలని ఎదురుచూసిన ఖౌమ్‌కు ఆ ఎదురుచూపు చాలా పొడుగైంది. చివరికి మనలోంచే ఒకరు లేచారు. కర్నూలు బిడ్డ డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ స్థాపించారు. 2016లో ఏర్పడిన ఉర్దూ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. 243 నుంచి అక్కడిదాకా రావడానికి ఎన్ని తరాల మెహనత్ పట్టిందో ఆలోచించండి.

కడప కలెక్టరు రిపోర్టులో ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఆ జిల్లాలో 494 బడులు లెక్కకొచ్చాయి. సర్కారు ఖర్చుతో, చందాలతో నడిచే బడి ఒక్కటీ లేదు. కానీ గరీబు బ్రాహ్మణ పిల్లలు పది, పదహారేళ్ల వయసులో ఇల్లు వదిలి, ఫీజు లేకుండా చెప్పే గురువు ఉన్న ఊరికి నడిచిపోయేవారట. ఆ గురువూ గరీబే, అన్నం పెట్టలేడు. పిల్లలు చుట్టుపక్కల ఊళ్లల్లో భిక్ష అడుక్కుని తిని చదువుకునేవారు. ఊళ్లు వాళ్లను కసురుకోకుండా పెట్టేవి. మన మస్జిదుల్లో చదివే తాలిబె ఇల్మ్‌లకు మొహల్లా ఇళ్ల నుంచి ఖానా వెళ్లే రివాజు మనకూ తెలిసిందే. చదువుకునే పిల్లాడు ఎవరి బిడ్డయినా అమానత్ అని ఈ ఎండిన సీమ అప్పుడే ఒప్పుకుంది. ఈ జమానాలో ఆ ఖానా పేరు డేటా రీచార్జ్.

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు ఇది అందరికీ అర్థమైంది. దూరదర్శన్‌లో పాఠాలు వచ్చాయి, ఫోన్లలో వీడియోలు వచ్చాయి. నవంబరు 2 నుంచి గానీ మన రాష్ట్రంలో బడులు మెల్లమెల్లగా తెరుచుకోలేదు. పదో తరగతి పరీక్షలు 2020లో, 2021లో కూడా రద్దయ్యాయి. అబ్బా మెకానిక్, అమ్మీ బీడీలు చుడుతుంది, ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం చదవగలిగేవాళ్లే లేరు అన్న ఇళ్లల్లో పిల్లలకు దిక్కైంది ఎవరు? సాటి పిల్లలే. ప్రపంచమంతా ఇదే నడిచింది. పోలండులో 2009లో పుట్టిన బ్రెయిన్లీ అనే యాప్ మొదలైంది ఇదే పనితో, ఒక పిల్లాడి సవాల్‌కు ఇంకో పిల్లాడు జవాబు చెప్పడం. మన పిల్లలూ దాన్ని వాడుతూనే ఉన్నారు. కానీ ముక్కూముఖం తెలియనివాడి జవాబు కంటే పక్క గల్లీ దోస్త్ జవాబు మేలు. "నాకు అర్థం కాలేదు రా, మళ్లీ చెప్పు" అని దోస్త్‌ను అడగొచ్చు.

ఆ రోజుల్లోనే ఇంకోటి కూడా కళ్లారా చూశాను. ఇంట్లో ఒక్క ఫోను. పగలు అబ్బాతో పనికి పోతుంది. రాత్రి ఇంటికొస్తే ముందు కొడుకు చేతికి, అతను ఆడుకోవడం అయ్యాక మిగిలిన చార్జింగుతో కూతురు చేతికి. కొన్ని ఇళ్లల్లో అదీ లేదు, "ఆడపిల్లకు ఫోనెందుకు, జమానా ఖరాబ్" అన్న ఒక్క మాటతో తలుపు మూసేస్తారు. భయం నాకు అర్థమవుతుంది, నేనూ ఆడపిల్లలున్న ఖాందాన్‌లోనే ఉన్నాను. కానీ ఒక సవాల్ అడుగుతాను. క్లాసులో హోంవర్క్ గ్రూపు ఉంది, అందులో నలభై మంది ఉన్నారు, మీ అమ్మాయి పేరు లేదు. రెండు వందల ఏళ్ల తర్వాత ఎవరైనా మళ్లీ లెక్కదీస్తే అక్కడ ఏ అంకె వేసుకుంటారు? మళ్లీ సున్నానే కదా.

దీనికి ఇలాజ్ పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఫోను ఇంటి నడవలో, అమ్మీ ఎదురుగా పెట్టుకుని చదవనివ్వండి. ఆడపిల్లలకు వేరే గ్రూపు కావాలంటే పెట్టుకోండి, అందులో ఒక టీచర్ ఆపాను చేర్చండి. రోజూ ఒక గంట ఆ ఫోను కూతురిది అని ఇంట్లో అందరి ముందూ చెప్పండి. కొడుక్కు ఆ మాట వినపడాలి.

పిల్లలకు కూడా మన ముయీద్‌ల పద్ధతి నేర్పాలి. గ్రూపులో జవాబు ఫోటో ఒక్కటే పంపితే అది నఖల్. ఎట్లా చేశావో మెట్టుమెట్టుగా వాయిస్‌లో చెప్పి పంపితే అది తక్రార్. తీసుకున్నవాడు పుస్తకం మూసి అదే లెక్కను తనంతట తాను చేసి చూపాలి, రాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగాలి. లెక్కలు చెప్పేవాడు రోజూ తనే చెప్తూ పోతే మిగతావాళ్లు అడుక్కునేవాళ్లే అవుతారు. వాడు తెలుగులో షాగిర్ద్ కావాలి, తెలుగు వచ్చినవాడు లెక్కల్లో షాగిర్ద్ కావాలి. అందరికీ ఏదో ఒక సబ్జెక్టులో ఖలీఫా అయ్యే ఇజ్జత్ దక్కాలి. వారానికొకసారి ఉస్తాదు ఆ గ్రూపును తిరగేసి, తప్పు చెప్పినచోట దిద్దాలి. ఇసుక బడిలో అయ్యవారి కన్ను ఉన్నట్టు.

ఇంట్లో పెద్దోళ్లం మనకు ఇంగ్లీషు రాదు, లెక్కలు రావు అని తప్పించుకోవడానికి లేదు. రాత్రి పడుకునే ముందు ఒక్క మాట అడగడానికి ఏ చదువూ అక్కర్లేదు: "బేటీ, ఈరోజు నువ్వు ఎవరికి ఏం నేర్పావు?" ఏం రాసుకున్నావు అని అడిగితే నోటుబుక్కు చూపిస్తుంది. ఏం నేర్పావు అని అడిగితే తనకు వచ్చింది ఎంతో తనకే తెలుస్తుంది.